చలిచీమ నడుములో రెండు కణుపులు

తిరుపతిలోని ఒక కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో, బీరువా కింది అరలో, స్పిరిట్ పోసిన చిన్న గాజు సీసా ఒకటి ఉంది. అందులో మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉన్న పసుపుపచ్చని చీమలు కొన్ని, సీసా మీద 'మోనోమోరియం డిస్ట్రక్టర్' అని చేత్తో రాసిన చీటీ ఉన్నాయి. ప్రాజెక్టు కోసం చీమలను సేకరిస్తున్న ఒక విద్యార్థిని అచ్చం అలాంటి చీమలనే హాస్టల్ వంటగదిలో బెల్లం డబ్బా మూత కింద పట్టి, ఇప్పుడు వాడుకలో ఉన్న గుర్తింపు పట్టికతో సరిచూసుకున్నప్పుడు వాటి పేరు 'ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్' అని తేలింది. సీసా మీద పేరు తప్పా, పట్టిక తప్పా అని ఆమె నన్ను అడిగింది. చీటీ రాసిన నాటికి పాత పేరే సరైనది. 2015లో అది మారింది. ఆ ఏడాది, ప్రపంచంలోని చీమ జాతుల్లో దాదాపు సగానికి ఆశ్రయమైన మిర్మిసినే అనే ఉపకుటుంబం మొత్తాన్ని శాస్త్రజ్ఞులు కొత్తగా సర్దారు. ఆ సర్దుబాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే చాలా వెనక్కి, మన పొరుగున ఉన్న నెల్లూరు దాకా కూడా, వెళ్ళవలసి ఉంటుంది.

మిర్మిసినే చీమను గుర్తుపట్టడానికి ముందుగా చూడవలసింది నడుము. చిత్తూరు జిల్లాలో చెరకు తోటల మధ్య పెరిగిన వారికి కణుపు అంటే ఏమిటో వివరించనక్కరలేదు. చీమ ఛాతీకీ పొట్టకూ మధ్య సన్నని కాడ ఉంటుంది; ఆ కాడ మీద చెరకు గడ మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా కణుపు కనిపిస్తుంది. గోడ వారన పరుగెత్తే నల్లని గండుచీమను భూతద్దం కింద పెడితే కణుపు ఒక్కటే. పంచదారకు పట్టే చలిచీమను పెడితే సాధారణంగా రెండు కణుపులు, ఒకదాని వెనక ఒకటి, పూసలు గుచ్చినట్టు కనిపిస్తాయి; మిర్మిసినే చీమల గుర్తు అదే. గండుచీమకు ముల్లు లేదు. అది దవడలతో కొరికి ఆ గాయం మీద ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. మిర్మిసినే చీమల్లో ఎక్కువ వాటికి పొట్ట చివర ముల్లు ఉంటుంది.

అయితే కణుపుల లెక్క ఒక్కటే చాలదు. చెట్ల బోదెల మీద ఒంటరిగా తిరిగే, తల నల్లగా, ఛాతీ ఎర్రగా, పొట్ట మళ్ళీ నల్లగా ఉండే సన్నని చీమ ఒకటుంది. దాని శాస్త్రీయ నామం టెట్రాపోనెరా రూఫోనైగ్రా; ఒకసారి కుట్టించుకున్నవారు దాన్ని మరచిపోరు. దానికీ నడుములో రెండు కణుపులే ఉన్నా అది వేరే ఉపకుటుంబానికి చెందినది. అంటే పైకి కనిపించే ఒక పోలికను పట్టుకుని బంధుత్వం తేల్చడం ఎంత కష్టమో మన పెరటి చెట్టే చూపిస్తుంది. చీమల వర్గీకరణ చరిత్రంతా ఈ కష్టంతో పడిన పెనుగులాటే.

పుస్తకాలు రాకముందే తెలుగువారికి తమదైన వర్గీకరణ ఉంది. ఒంటి పరిమాణాన్ని బట్టి గండుచీమ, చలిచీమ. రంగును బట్టి ఎర్రచీమ, నల్లచీమ. కుట్టిన చోట నిప్పు తగిలినట్టు మండిస్తే కొరివిచీమ. ఈ పేర్లు ఒక్కొక్క జాతిని సూచించవు. పొలం గట్ల మీద మనం కొరివిచీమ అనే వాటిలో అమెరికా ఉష్ణమండలం నుంచి సరుకులతో పాటు ప్రపంచమంతా పాకిన సొలెనోప్సిస్ జెమినాటా కూడా ఉండవచ్చు. ఇక పుట్ట సంగతి. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు తలదాచుకున్న వల్మీకం పేరు వినని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. చీమలు పెట్టిన పుట్ట పాముల పాలవుతుందని సామెతగా అంటాం. కానీ చంద్రగిరి దారిలో, మామిడి తోటల్లో ఎత్తుగా లేచి కనిపించే ఆ మట్టి పుట్టలను కట్టేవి చెదలు. చీమలు కందిరీగలకూ తేనెటీగలకూ దగ్గరి చుట్టాలు. చెదలు బొద్దింకల వంశానివి. చెద అనే వేరే మాట మన భాషలో ముందునుంచీ ఉన్నా, పుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆ ఘనతను చీమకే ఇచ్చాం.

1758లో లిన్నేయస్ జంతువులకు రెండు పదాల పేర్లు పెట్టినప్పుడు తనకు తెలిసిన చీమలన్నిటినీ ఫార్మికా అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు; రెండు పదాల పేరులో మొదటి పదం దానిదే. ఫ్రాన్స్‌కు చెందిన లాత్రే 1804లో మిర్మికా అనే ప్రజాతిని విడదీశాడు. ఉపకుటుంబానికి పేరు దాని నుంచే వచ్చింది. 1835 ప్రాంతంలో లెపెలెతియే ఆ సమూహానికి పెద్ద హోదా ఇచ్చాడు. ఈ పనంతా యూరప్ సంగ్రహాలయాల్లో, ఎండిన చీమల మీద జరిగింది.

దక్షిణ భారతదేశంలో బతికున్న చీమలను చూసి రాసినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన ఆయన కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడ యానాదుల దగ్గర ప్రకృతి విషయాలు అడిగి తెలుసుకున్నాడు. యానాదులు ఇప్పటి తిరుపతి జిల్లాలోనూ ఉన్నారు. 2022లో ఈ జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట వంటి పాత నెల్లూరు ప్రాంతాలు ఇందులో కలిశాయి. కాబట్టి జెర్డన్ మనకు మరీ దూరపువాడు కాడు. ఆయన ప్రధానంగా పక్షుల పరిశోధకుడిగా ప్రసిద్ధుడు. అయినా 1851లో మద్రాసు నుంచి వెలువడిన ఒక విద్వత్ పత్రికలో దక్షిణ భారతదేశపు చీమల జాబితాను ప్రచురించి, నలభైకి పైగా జాతులను వర్ణించాడు. దుమికి వేటాడే హార్పెగ్నాథోస్ సాల్టేటర్, బారులు తీరి నడిచే లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్, ఇంతకుముందు చెప్పిన టెట్రాపోనెరా, ఇవన్నీ శాస్త్రంలోకి ఆ జాబితా ద్వారానే వచ్చాయి. చీమ ఎక్కడ గూడు పెడుతుంది, ఏం తింటుంది, ఎలా నడుస్తుంది అన్నవి కూడా ఆయన గమనించి రాశాడు. ఆ కాలంలో చీమల మీద రాసినవారిలో ఈ ఓపిక అరుదు, ఆ ఓపికకు నేను తలవంచుతాను.

కానీ జెర్డన్ చేతిలో ఉన్న అరలు, అంటే అప్పటికి ఏర్పడిన ప్రజాతులు, చాలా తక్కువ. రెండు కణుపులున్న చిన్న చీమల్లో కొన్నిటిని ఆయన అట్టా అనే ప్రజాతిలో వేశాడు. తలలు పెద్దవైన సైనిక చీమలుంటే ఈకోడోమాలో వేశాడు. ఈ రెండు పేర్లూ నిజానికి ఆకులు కోసి బూజు పెంచుకునే అమెరికా చీమలవి. ఆ ఆకుకోత చీమలు భారతదేశంలో లేనే లేవు. వంటింటి చీమకు జెర్డన్ పెట్టిన పేరు అట్టా డిస్ట్రక్టర్. లాటిన్‌లో డిస్ట్రక్టర్ అంటే నాశనం చేసేది. పైగా ఆయన చూసిన నమూనాలు తర్వాతి వారికి భద్రంగా అందలేదు. అందువల్ల ఆయన పెట్టిన కొన్ని పేర్లు ఏ చీమకు చెందుతాయో ఎవరూ తేల్చలేకపోయారు. డిస్ట్రక్టర్ అదృష్టవంతురాలు, దాన్ని పోల్చుకోగలిగారు. అయినా కొద్ది ఏళ్ళలోనే, జెర్డన్ వర్ణించిన చీమే అని తెలియక, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ స్మిత్ వంటివారు అదే చీమకు మరికొన్ని పేర్లు పెట్టారు.

ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో అరలు పెరిగాయి. వియన్నాకు చెందిన గుస్తావ్ మాయర్ 1855లో మోనోమోరియం, టెట్రామోరియం ప్రజాతులను ఏర్పరిచాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన మానసిక వైద్యుడు ఆగస్ట్ ఫోరెల్ 1892 నుంచి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో భారతదేశపు, సింహళపు చీమల మీద వరసగా రాశాడు. ఆయనకు ఇక్కడి నుంచి చీమలు పంపినవారిలో అటవీ అధికారులు ఉన్నారు. 1903లో బింగ్‌హామ్ బ్రిటిష్ ఇండియా జంతుజాలం సంపుటాల్లో చీమల సంపుటాన్ని వెలువరించాడు. మన విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం చీమను గుర్తించడమంటే బింగ్‌హామ్ పుస్తకం తెరవడమే. ఇటలీకి చెందిన కార్లో ఎమెరీ 1920ల తొలినాళ్ళలో మిర్మిసినేను తెగలుగా, అంటే దగ్గరి ప్రజాతుల గుంపులుగా, పంచి, ఆ తర్వాత ఎనభై తొంభై ఏళ్ళపాటు సాగిన చర్చకు పునాది వేశాడు.

ఆ పంపకంలోని చిక్కు ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. కుళ్ళిన ఆకుల కింద బతికే స్ట్రుమిజెనిస్ చీమలు పొడవాటి దవడలను ఉచ్చులా తెరిచి ఉంచి, స్ప్రింగ్‌టెయిల్ అనే సూక్ష్మ జీవి తగలగానే కన్ను మూసి తెరిచేలోగా మూసేస్తాయి. ఇలాంటి దవడలున్న చీమలన్నిటినీ ఒకే తెగగా ఎంచారు. కానీ ఒకే రకం వేట చేసేవాటికి ఒకే రకం పనిముట్టు వేర్వేరుగా ఏర్పడవచ్చు. కొడవలి ఒకటే అయినంత మాత్రాన కోసేవారంతా ఒక ఇంటివారు కారు. మోనోమోరియం కథ దీనికి తిరగబడిన కథ. అందులో చేరిన చీమలను కలిపింది చిన్నతనం, నునుపుదనం, ప్రత్యేకత ఏమీ లేకపోవడం. ఏ అరలోనూ ఇమడని చిన్న చీమలు అందులో పోగుపడుతూ వచ్చాయి. 1893లో దల్లా టోరె అనే కీటక శాస్త్రజ్ఞుడు, జెర్డన్ పేరు పెట్టిన డిస్ట్రక్టర్‌ను కూడా అక్కడే చేర్చాడు.

2015లో ఫిలిప్ వార్డ్, షాన్ బ్రేడీ, బ్రయన్ ఫిషర్, టెడ్ షుల్ట్జ్ 251 జాతుల నుంచి 11 జన్యు ఖండాలను తీసుకుని పోల్చి, మిర్మిసినే వంశవృక్షాన్ని గీశారు. ఈ సమూహం సుమారు 10 కోట్ల ఏళ్ళ క్రితం, డైనోసార్లు ఉన్న కాలంలోనే, మొదలైందని వారి అంచనా. అప్పటిదాకా ఉన్న 25 తెగలు ఆరుకు తగ్గాయి: మిర్మిసిని, పొగొనోమిర్మెసిని, స్టెనామ్మిని, సొలెనోప్సిడిని, అట్టిని, క్రిమాటోగాస్ట్రిని. మోనోమోరియం అనే మూట విప్పితే అందులోని చీమలు ఒకే కొమ్మవి కావని తేలింది. డిస్ట్రక్టర్, దాని దగ్గరివారు అసలు మోనోమోరియం ఉన్న సొలెనోప్సిడిని తెగను వదిలి, క్రిమాటోగాస్ట్రిని తెగలో, 1865లో మాయర్ పెట్టి ఆ తర్వాత పక్కనబడిన ట్రైకోమిర్మెక్స్ అనే పేరు కిందికి వచ్చాయి. కొమ్మల మీద గూళ్ళు కట్టి, అదిలిస్తే హృదయాకారపు పొట్టను తల మీదికి ఎత్తే క్రిమాటోగాస్టర్ చీమలు ఆ తెగవే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఫైడోలి ప్రజాతికి దక్కిన చోటు. తిరుపతి వీధుల్లో తెల్లవారి బియ్యప్పిండితో వేసిన ముగ్గు దగ్గర కాసేపు కూర్చుంటే ఈ చీమలు కనిపిస్తాయి. చిన్న శ్రామిక చీమలు ఒక్కొక్క పిండి పలుకును పట్టుకుని వరుసగా వెళుతుంటే, వాటి మధ్య అక్కడక్కడ ఒంటికి మించిన తలతో ఒక పెద్ద చీమ తడబడుతూ నడుస్తుంది. ఆ తల నిండా దవడ కండరాలే. గింజలు పగలగొట్టడానికీ గూడు కాయడానికీ అవి పనికివస్తాయి. వెయ్యికి పైగా జాతులున్న ప్రజాతి ఇది. 2003లో ఎడ్వర్డ్ విల్సన్ అమెరికా ఖండాల ఫైడోలి జాతులు 624 అని లెక్క తేల్చాడు, వాటిలో 337 అంతవరకు పేరు లేనివి. ఈ ముగ్గు చీమలు జన్యువుల లెక్కలో ఆకుకోత చీమల తెగ అయిన అట్టినిలోకి చేరాయి. స్ట్రుమిజెనిస్ కూడా అక్కడికే వచ్చింది.

జెర్డన్ ఈకోడోమా డైవర్సా అన్న మరో చీమ వేరే దారి పట్టింది. పొలాల్లో మట్టి కప్పిన బాటల మీద మందలుగా సాగే ఈ చీమలో పెద్ద శ్రామిక చీమ బరువు చిన్నదానికి 500 రెట్ల దాకా ఉంటుంది, చిన్నవి పెద్దదాని తల మీదెక్కి స్వారీ చేస్తాయి. చాలాకాలం ఫైడోలోజెటాన్ అని పిలిచిన దాన్ని 2014లో కేరిబారా ప్రజాతిలో కలిపారు.

పేర్లు ఇలా మారడం వల్ల కలిగే ఇబ్బంది నిజమైనదే. డిస్ట్రక్టర్ విద్యుత్ తీగల పై తొడుగును కొరికి పాడుచేస్తుందని, నిల్వ చేసిన తిండిని వదలదని రాసిన పాత నివేదికలన్నీ మోనోమోరియం పేరు కిందే ఉన్నాయి. కొత్త పేరుతో మాత్రమే వెదికే విద్యార్థికి శతాబ్దానికి పైగా పోగైన సమాచారం కనబడకుండా పోతుంది. దీనికి నామకరణ నియమాల్లోనే ఒక ఆనవాలు ఉంది. ప్రజాతి మారినా జాతి పేరు మారదు, మొదట వర్ణించినవాడి పేరును కుండలీకరణాల్లో ఉంచుతారు. ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్ (జెర్డన్, 1851) అని చూడగానే, ఈ చీమకు ముందు వేరే ఇంటిపేరు ఉండేదని తెలుస్తుంది. అందుకే ప్రయోగశాల పుస్తకంలో ఆ కుండలీకరణాలను వదిలేయవద్దని నా విద్యార్థులకు ప్రతిసారీ చెబుతాను.

2016లో పంజాబీ విశ్వవిద్యాలయానికి చెందిన హిమేందర్ భారతి, సహ పరిశోధకులు కలిసి భారతదేశపు చీమల జాబితాను రాష్ట్రాల వారీగా ప్రచురించారు. అందులో 10 ఉపకుటుంబాలు, 100 ప్రజాతులు, 828 జాతులు, ఉపజాతులు ఉన్నాయి. మిర్మిసినే వాటాయే అన్నిటికన్నా పెద్దది. ఆ జాబితా గొప్ప ఆసరా. కానీ రాష్ట్రం పేరు దగ్గర ఆగిపోతే మన ప్రాంతానికి సరిపోదు. కోరంగి మడ అడవులూ, ఎర్రచందనం పెరిగే శేషాచలం కొండలూ ఒకే రాష్ట్రంలో ఉన్నా చీమకు అవి రెండు వేరే లోకాలు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలో, అనుమతి తీసుకుని, రాలిన ఆకులను జల్లెడ పట్టి, నేలలో పాతిన గ్లాసుల్లో పడిన చీమలను ఏరి, ఒక్కొక్కదానికి చోటు, తేదీ, ఎత్తు రాసి పెట్టడం ఒక కళాశాల చేయగల పని. 1851 నాటి నమూనాలు మిగలకపోవడం వల్ల ఎంత పోయిందో తెలిసినవారు ఈ పనిని చిన్నచూపు చూడరు.

సంగ్రహాలయాల పద్ధతిలో పాత చీటీని చింపరు, దాని పక్కనే కొత్తది చేరుస్తారు. మా విద్యార్థిని కూడా అలాగే చేసింది. బీరువాలోని సీసాకు ఇప్పుడు రెండు చీటీలున్నాయి. దాని పక్కన ఆమె పట్టిన చీమల సీసా ఉంది. దాని మీద పేరు కింద 'తిరుపతి, హాస్టల్ వంటగది, బెల్లం డబ్బా మూత కింద' అని, ఆ కింద తేదీ వేసి ఉంది.