విండోస్ 11 ఎక్కించాక సిస్టం లేవట్లేదా? అపోహలు – వాస్తవాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పట్నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఒకటే వరస: ఉన్న సిస్టం మీద విండోస్ 11 ఎక్కించడం, లేవకపోతే సీపీయూని విశాఖ బస్సెక్కించడం. (మనవైపు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు, ఇక్కడా అదే మాట.)

బస్సెక్కించే ముందు ఒకటి చూడండి. సిస్టం ఎక్కడిదాకా వచ్చి ఆగుతోంది? తెర మీద అసలేమీ రావట్లేదా? కంపెనీ లోగో దగ్గర ఆగిందా? లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా? పాస్‌వర్డ్ కొట్టాక నల్లగా అయిందా? ఇవి నాలుగూ నాలుగు వేరే జబ్బులు. అన్నిటికీ "లేవట్లేదు" అనే ఒకే పేరు పెట్టి, ఫార్మాట్ అనే ఒకే మందు వేస్తున్నారు.

అపోహ: విండోస్ 11 వేస్తే మదర్‌బోర్డు పోయింది.

విండోస్ ఉండేది డిస్కులో. బటన్ నొక్కగానే ముందు లేచేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాం. లోగో కనబడేదాకా విండోస్‌కి అక్కడ పనే లేదు. కాబట్టి తెర పూర్తిగా నల్లగా ఉంటే పరీక్ష తేలికే. కరెంటు వైరు పీకండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి వదలండి, డిస్కుకి వెళ్లే రెండు కేబుళ్లూ తీసి మళ్లీ ఆన్ చేయండి. లోగో వచ్చి, బూట్ డివైస్ లేదని మెసేజ్ ఇస్తే బోర్డు నిక్షేపంగా ఉన్నట్టే, గొడవ డిస్కులోనో విండోస్‌లోనో ఉంది. డిస్కు తీసేసినా తెర నల్లగానే ఉంటే విండోస్‌ని తిట్టి లాభం లేదు. ర్యాము, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె), మానిటర్ కేబుల్ వరసగా చూసుకోవాలి.

తీరం వైపు ఊళ్లలో ముందు ర్యామునే అనుమానించాలి. ఉప్పు తేమకి దాని అంచున ఉండే బంగారు రంగు పళ్లు మసకబారతాయి. అప్‌గ్రేడ్‌లో సిస్టం తనంతట తానే మూడు నాలుగు సార్లు రీస్టార్ట్ అవుతుంది, అందులో ఒక్కసారి ర్యాము అందకపోయినా నింద విండోస్ మీద పడుతుంది. ర్యాము తీసి, మెత్తటి తెల్ల రబ్బరుతో పళ్లను తేలిగ్గా రుద్ది, ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి శుభ్రం చేయండి. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పు టక్కుమనాలి. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవద్దు. మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైను చూస్తే 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్ కూడా విండోస్ అప్‌డేట్‌తో పాటే దిగొచ్చు. అది రాసుకుంటుండగా కరెంటు ఆగితే బోర్డు నిజంగానే మొండికేస్తుంది. అందుకే ఛార్జర్ పెట్టకుండా అప్‌డేట్ మొదలుపెట్టొద్దు.

అపోహ: బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే చాలు, 11 ఎక్కేస్తుంది.

లోగో దగ్గర ఆగిపోయే సిస్టంలలో చాలావాటికి కారణం ఇదే. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళంచెవులు దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్‌కి (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) వీలున్న యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) కావాలి. వీడియో చూసి బయోస్‌లోకి వెళ్తారు, సీఎస్‌ఎం (పాత పద్ధతిలో లేపే సెట్టింగ్) ఆపేస్తారు, సెక్యూర్ బూట్ ఆన్ చేస్తారు, సేవ్ కొడతారు. అంతే, తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా తిరిగి బయోస్ తెరే వస్తుంది. డేటా పోయిందని ఇంట్లో గగ్గోలు.

డేటా ఎక్కడికీ పోలేదు. పాత సిస్టంలో విండోస్ వేసినప్పుడు డిస్కుని ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించి ఉంటారు. సీఎస్‌ఎం ఆగితే బయోస్ జీపీటీ అనే కొత్త పద్ధతి డిస్కునే బూట్‌కి వెతుక్కుంటుంది, ఎంబీఆర్ డిస్కు ఎదురుగా ఉన్నా దాన్నుంచి లేవదు. సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేసి, ఎఫ్10 కొట్టండి. పాత విండోస్ మామూలుగా వచ్చేస్తుంది.

వచ్చాక ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్కుకి కాపీ చేసుకుని, అప్పుడు మార్పు మొదలుపెట్టండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎంబీఆర్‌టూజీపీటీ కమాండ్‌ని (మధ్యలో టూ అన్నది 2 అంకె) ముందు వాలిడేట్, అలౌఫుల్‌ఓఎస్ అనే రెండు స్విచ్‌లతో (కమాండ్ వెనక స్లాష్ పెట్టి కొట్టే మాటలు) నడపండి. ఇది పరీక్ష మాత్రమే, డిస్కు మీద ఏమీ మార్చదు. పాసైతే వాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టి నడపాలి. ఆ తర్వాతే సీఎస్‌ఎం ఆపాలి. ఈ వరస తిరగబడితే మళ్లీ మొదటికే వస్తారు.

మనవైపు వాలిడేట్ దగ్గరే చాలా డిస్కులు ఫెయిలవుతాయి. అసెంబుల్డ్ సిస్టం అంటే సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు కోయడం ఇక్కడ ఆనవాయితీ కదా. ఈ కమాండ్ మూడు ప్రైమరీ పార్టిషన్ల (డిస్కులో నేరుగా కోసిన ముక్కల) దాకానే ఒప్పుకుంటుంది, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మళ్లీ ముక్కలు కోసుకునే ముక్క) ఉంటే అసలు ఒప్పుకోదు. సిస్టం రిజర్వ్‌డ్ అనే చిన్న ముక్క కూడా ఒకటిగా లెక్క. అలాంటప్పుడు చివరి డ్రైవులు ఖాళీ చేసి, డిలీట్ చేసి, మళ్లీ వాలిడేట్ కొట్టడం తప్ప దారి లేదు.

ఎవరూ బయోస్ ముట్టుకోకపోయినా ఇదే లక్షణం కనిపిస్తే, ఒకసారి గడియారం చూడండి. తారీఖు ఎప్పటిదో పాత ఏడాదికి వెళ్లిపోయిందంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల సెల్లు అయిపోయినట్టు. కరెంటు వైరు తీసిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులన్నీ మొదటికి పోతాయి, బూట్ మోడ్ మారిపోతుంది. కొన్ని బోర్డుల్లో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా మారుతుంది, అప్పుడు "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వస్తుంది. కొత్త సెల్లు మీటర్ మీద 3 వోల్టులకి కాస్త పైనే చూపిస్తుంది. 2.8 కంటే తగ్గితే మార్చేయండి. ఇంత చిన్న సెల్లుకి విశాఖ ప్రయాణమెందుకు?

అపోహ: గంటసేపు చుక్కలు తిరిగితే హ్యాంగ్ అయినట్టే, ఆపేయాలి.

ఇక్కడ మాత్రం ఊరకున్నంత ఉత్తమం లేదు. పాత హార్డ్‌డిస్కు మీద అప్‌గ్రేడ్‌కి రెండు మూడు గంటలు పట్టొచ్చు. సీపీయూ ముందున్న డిస్కు లైటు మినుకుమినుకుమంటున్నంతసేపు ముట్టుకోవద్దు. లైటు పూర్తిగా ఆగిపోయి, శాతం అంకె రెండు గంటలుగా కదలకపోతే అప్పుడు ఆలోచించాలి.

కరెంటు సంగతి వేరు. 600 వీఏ యూపీఎస్ పది పదిహేను నిమిషాలు లాగితే గొప్ప, అప్‌గ్రేడ్‌కి అది ఏ మూలకీ చాలదు. మధ్యలో కరెంటు పోయినా సాధారణంగా సెటప్ తిరిగి కొనసాగుతుంది, లేదా తనంతట తానే పాత విండోస్‌కి వెనక్కి వెళ్తుంది. వెనక్కి వెళ్తున్న ఆ సమయంలో కంగారుపడి స్విచాఫ్ చేస్తేనే అసలు నష్టం. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి, అంతే.

అపోహ: నీలం తెర 48 అంకెల కీ అడుగుతోందంటే వైరస్.

అది బిట్‌లాకర్, డిస్కు మీది తాళం. బయోస్ అప్‌డేట్ అయినా, టీపీఎం సెట్టింగ్ కదిలినా, సెక్యూర్ బూట్ మారినా తాళంచెవి అడుగుతుంది. ల్యాప్‌టాప్ మొదట సెటప్ చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ ఉంటుంది. మరో ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి, తెర మీది కీ ఐడీలోని మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చి చూసుకోండి. చిక్కల్లా ఆ అకౌంట్ ఎవరిదన్నదే. కొన్నరోజు షాపులో కుర్రాడు తెరిచిన ఈమెయిలో, కాలేజీకి వెళ్లే అబ్బాయిదో అయి ఉంటుంది. అందరివీ వెతకండి. కీ లేకుండా తాళం విప్పి డేటా తీస్తామని డబ్బులడిగేవాళ్లని నమ్మొద్దు. కీ దొరక్కపోతే ల్యాప్‌టాప్ పనికొస్తుంది గానీ లోపలి డేటా రాదు. ఇకముందు బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసుకోండి.

అపోహ: అప్‌గ్రేడ్ నా పాస్‌వర్డ్ మార్చేసింది.

మారింది పాస్‌వర్డ్ కాదు, కీబోర్డు. ఒకే సిస్టంలో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు లేఅవుట్లు పెట్టుకునే చోట ఇది మామూలే. పాస్‌వర్డ్ తెరకి కుడివైపు కింద భాష గుర్తు చూడండి, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. ఇంగ్లీషే ఉన్నా యూకే లేఅవుట్ వచ్చి కూర్చుంటే ఎట్ గుర్తు, డబుల్ కోట్ గుర్తు తారుమారవుతాయి. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు పెట్టుకున్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి, ఏం పడుతోందో చూసుకుని కొట్టండి. "పిన్ అందుబాటులో లేదు" అంటే టీపీఎం కదిలి ఉండొచ్చు. పిన్ వదిలేసి పాస్‌వర్డ్‌తో వెళ్లి కొత్త పిన్ పెట్టుకోవచ్చు.

అపోహ: చివరికి ఫార్మాట్ కొట్టాల్సిందే.

అది ఆఖరి మెట్టు. దానికి ముందు మెట్లు చాలా ఉన్నాయి. చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపడం వరసగా రెండు మూడు సార్లు చేస్తే, తర్వాతిసారి రికవరీ తెర వస్తుంది (అప్‌గ్రేడ్ పూర్తయ్యాక కూడా లేవని సిస్టంకే ఈ చిట్కా, మధ్యలో ఉన్నదానికి కాదు). అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆపైన స్టార్టప్ రిపేర్. కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. సేఫ్ మోడ్‌లో లేస్తోందంటే తప్పు దాదాపుగా ఏదో డ్రైవర్‌దో, యాంటీవైరస్‌దో.

రికవరీ తెర రాకపోతే వేరే సిస్టంలో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్లి ఫొటోలు ఉంటే ముందు తీసేయండి. డౌన్‌లోడ్ 5 జీబీ పైనే, కాబట్టి సిగ్నల్ సరిగా లేని ఏజెన్సీ ఊరి నుంచి వచ్చేవాళ్లు ఈ పని టౌన్‌లో చేసుకోవడం మేలు. ఐఎస్‌ఓ ఫైలుని ఊరికే కాపీ చేస్తే బూట్ పెన్‌డ్రైవ్ అయిపోదు.

తెర మీద బీసీడీ అనే మాట కనిపిస్తే విండోస్ బాగానే ఉంది, దాన్ని లేపే చీటీ చిరిగింది. రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ వాల్యూమ్ కొట్టండి. ఫ్యాట్32 అని, ఇంచుమించు 100 ఎంబీ ఉన్నది ఏ నంబరో చూసి, దాన్ని సెలెక్ట్ చేసి ఎస్ అక్షరం కేటాయించండి. బయటికొచ్చి బీసీడీబూట్ కమాండ్‌కి విండోస్ ఫోల్డర్ దారి చూపి, ఎస్ స్విచ్ తర్వాత ఎస్ డ్రైవు, ఎఫ్ స్విచ్ తర్వాత యూఈఎఫ్ఐ ఇవ్వాలి. ఒక జాగ్రత్త: రికవరీలో మీ సీ డ్రైవు ఒక్కోసారి డీ అయి కూర్చుంటుంది. డీఐఆర్ కొట్టి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకున్నాకే కమాండ్ ఇవ్వండి.

ఫార్మాట్ తప్పదనుకున్నా ముందు డేటా తీయాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందరికీ గుర్తుంటాయి. ట్యాలీప్రైమ్ డేటా మామూలుగా సీ డ్రైవులో యూజర్స్, పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది. దాన్ని మర్చిపోతే షాపు లెక్కలు గల్లంతే.

అపోహ: డిస్కు నెమ్మదిస్తే చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్) నడిపితే సరి.

చచ్చేలా ఉన్న డిస్కుని పరుగెత్తించడమది. అప్‌గ్రేడ్ డిస్కు మీద పదుల జీబీలు రాస్తుంది, అప్పటిదాకా నిద్రపోతున్న బ్యాడ్ సెక్టార్లు (డిస్కులో పాడైన చోట్లు) అప్పుడే బయటపడతాయి. డిస్కుని వేరే సిస్టంకి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రాంలో చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్, అన్‌కరెక్టబుల్ సెక్టార్ల లెక్క సున్నా కాకపోతే ముందు డేటా కాపీ, ఆ తర్వాతే ఏ రిపేరైనా. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో పాడైన లెక్క) మాత్రమే పెరుగుతుంటే తప్పు ఎక్కువగా సాటా కేబుల్‌ది. డిస్కు మార్చకండి, కేబుల్ మార్చండి.

అపోహ: లాగిన్ అయ్యాక నల్ల తెర వస్తే గ్రాఫిక్స్ కార్డు పోయినట్టు.

మౌస్ బాణం కదులుతుంటే కార్డు పోలేదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మానిటర్ కేబుల్ కార్డుకి ఉందా, బోర్డుకి ఉందా అన్నదీ చూడండి.

అపోహ: ఏ సిస్టం మీదైనా ఏదో ఒక కిటుకుతో 11 ఎక్కుతుంది.

ఎక్కించే కిటుకులున్నాయి, నడిపే కిటుకు లేదు. 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు (ప్రాసెసర్ చేయగల పనులు) ఉండాల్సిందే. కోర్ టూ డ్యుయో అనే పాత ప్రాసెసర్‌లో అవి లేవు కాబట్టి సెటప్‌ని ఏమార్చినా బూట్ అవ్వదు.

డీటీపీ షాపులకి (కంప్యూటర్ మీద కార్డులు, పుస్తకాలు కూర్చే షాపులు) ఇంకో మెలిక ఉంది. పెళ్లి కార్డులు తెలుగులోనూ ఒడియాలోనూ వేసే చోట పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాం), దానికి తగ్గ ఫాంట్ మేనేజర్, ఒక డాంగిల్ (ప్రోగ్రాం నడవడానికి తగిలించాల్సిన తాళం లాంటి ముక్క) ఉంటాయి. చాలాచోట్ల ఆ సిస్టం 32 బిట్‌ది. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు, అందుకే దాని మీద నేరుగా అప్‌గ్రేడ్ ఉండదు. కొత్తగా వేయాలి, వేస్తే పాత ప్రోగ్రాములు పోతాయి. 64 బిట్ అయినా పాత డాంగిల్ డ్రైవర్ అప్‌గ్రేడ్‌ని మధ్యలో వెనక్కి తిప్పగలదు. 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ ఎక్కువగా డ్రైవర్ గొడవే. డాంగిల్, వేలిముద్ర మెషీను, ప్రింటర్ అన్నీ పీకేసి, డాంగిల్ డ్రైవర్‌నీ యాంటీవైరస్‌నీ తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. సీజన్ మధ్యలో అయితే అసలు ముట్టుకోవద్దు. ఆ సిస్టంని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి, కార్డుల పనికే వాడుకోవడం నయం.

అపోహ: ఒకసారి 11 అయ్యాక 10కి వెనక్కి రాలేం.

పది రోజుల్లోపు రావచ్చు. సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ ఉంటుంది. లేవని సిస్టంకైతే రికవరీ తెర నుంచే. సీ డ్రైవులో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉన్నంతవరకే ఈ సౌకర్యం. చోటు చాల్లేదని డిస్క్ క్లీనప్‌లో దాన్ని చెరిపేస్తే దారి మూసుకుపోయినట్టే. పది రోజులు చాలవనుకుంటే గడువు లోపలే డిజమ్ కమాండ్‌తో 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు.