వీపీఎన్ ఉంది కదా అని ధీమాగా ఉన్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. ఇటు మనవాళ్ల రైస్ మిల్లుల్లో, దుకాణాల్లో కూడా ఇప్పుడు బ్రాంచీల మధ్య వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగానే సమాచారాన్ని రహస్యంగా పంపే దారి) నడుస్తోంది. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వింటున్నాను.

అపోహ: 2048 బిట్ల కీ (సమాచారానికి తాళంలా పనిచేసే పెద్ద సంఖ్య) పెట్టుకుంటే ఎవరూ ఛేదించలేరు.

వాస్తవం: కీ ఎంత పొడవున్నా, దాని వెనకున్న ర్యాండమ్ నంబరు ఊహకు అందేదైతే ఆ పొడవు దేనికీ పనికిరాదు. 2006లో డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్లు, మెమరీ తనిఖీ టూల్ హెచ్చరికలు ఇస్తోందని కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు చేశారు, దాంతో కీ తయారీలో మారేది ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రోగ్రాంకు మెషీన్ ఇచ్చే సంఖ్య) ఒక్కటే అయింది, అంటే ఒక రకం మెషీన్‌లో ఒక సైజు కీలు దాదాపు 32 వేలే. 2008 మేలో బయటపడేదాకా ఆ మెషీన్లలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి), ఓపెన్‌వీపీఎన్ (ఒక వీపీఎన్ సాఫ్ట్‌వేర్) కీలు అలాగే పుట్టాయి. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకున్నవాడికి ఒక్కొక్కటే వేసి చూడటం ఎంతసేపు?

అపోహ: అప్‌డేట్ చేసేశాం, ఇక టెన్షన్ లేదు.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. అప్‌డేట్ తర్వాత పుట్టే కీలు బాగుంటాయి, డిస్కులో ఉన్న పాత కీ మాత్రం అలాగే ఉంటుంది. డీఎస్‌ఏ (డిజిటల్ సంతకాలకు వాడే ఒక రకం కీ) సంగతి ఇంకా ఘోరం: కీ మంచి మెషీన్‌లోనే పుట్టినా, లోపమున్న మెషీన్ మీద దాంతో సంతకం చేస్తే రహస్య కీ బయటపడిపోయే అవకాశం ఉంది, ఎందుకంటే ప్రతి సంతకానికీ ఊహకందని కొత్త నంబరు కావాలి.

అపోహ: అవన్నీ సర్వర్ల గొడవలు, రౌటర్లకేం కాదు.

రౌటర్లకే ఎక్కువ. కీబోర్డు, మౌస్ లేని పెట్టె మొదటిసారి ఆన్ కాగానే, ర్యాండమ్‌నెస్ (కీబోర్డు, మౌస్ కదలికల్లాంటి ఊహకందని వాటి నుంచి మెషీన్ పోగుచేసుకునేది) ఇంకా పోగవకముందే కీ చేసేసుకోవచ్చు. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్ అంతా స్కాన్ చేస్తే, ఒకే ప్రధాన సంఖ్యను పంచుకున్న ఆర్‌ఎస్‌ఏ కీలు (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో చేసే రకం) ఎన్నో దొరికాయి. అలాంటి రెండు కీలకు మనం బడిలో చేసిన గ.సా.భా. కడితే చాలు, రెండూ విడిపోతాయి!

గుణుపురంలో ఒక మిల్లు యజమాని "రెండూ సీలు విప్పని కొత్త పెట్టెలే బాబూ" అన్నారు. రెండింటి ఎస్‌ఎస్‌హెచ్ ఫింగర్‌ప్రింట్లూ (కీని గుర్తుపట్టే పొట్టి కోడ్‌లు) స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూపించాను, పర్లాకిమిడి పెట్టెదీ ఇక్కడి పెట్టెదీ అక్షరం తేడా లేదు. కీతో సహా ఒకే ఇమేజ్‌ను (మొత్తం సాఫ్ట్‌వేర్ నకలును) రెండింట్లోకీ కాపీ చేసి అమ్మారు. వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) కాపీ చేసేవాళ్లకీ ఇదే ముప్పు.

మీ బ్రాంచీలవీ ఇలాగే పోల్చి చూడండి. ఒకటే అయితే ముందు అప్‌డేట్, తర్వాత ప్రతి పెట్టెలోనూ విడివిడిగా కొత్త కీ, అది పనిచేస్తోందని చూసుకున్నాక అన్నిచోట్లా పాతదాని తొలగింపు, ఈ వరసలోనే చేయండి.