ఒక బూర ఒంటికి ఇంకో బూర బెల్

పర్లాకిమిడి పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించే ఒకాయన ఒక ప్రశ్న అడిగారు. ఊరేగింపులో ఆయన బూర జనరేటర్ బండి చక్రం కింద పడి బెల్ (చివర విచ్చుకునే భాగం) నలిగిపోయింది. దాన్ని కోసేయించి, మూలపడి ఉన్న మరో పాత బూర బెల్ తెచ్చి టంకం వేయించుకున్నారు. మోత బాగానే ఉందట. కానీ కింది స్వరాలు శ్రుతిలో పెడితే పైవి దిగిపోతున్నాయి, పైవి సరిచేస్తే కిందివి ఎక్కిపోతున్నాయి. శ్రుతి సర్దే జారుడు గొట్టం, అంటే ట్యూనింగ్ స్లైడ్, ఎంత లాగినా, ఎంత నెట్టినా రెండూ కలవడం లేదు. "తప్పు టంకం వేసినవాడిదా, ఇత్తడిదా?" అన్నది ఆయన సందేహం.

ఇద్దరిదీ కాదు. బూరకు ఒకే పొడవు ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి స్వరానికీ వేరే పొడవు ఉంటుంది. ఆ పొడవుల్ని పంచిపెట్టేది బెల్. బెల్ మారిస్తే పంపకమే మారిపోతుంది.

పెదవులు ఎలా అదురుతాయి, గాలి ఎలా కంపిస్తుంది అన్నవి వదిలేస్తున్నాను, ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. పాఠ్యపుస్తకం చెప్పనిది ఒకటుంది. ఒక చివర మూసిన గొట్టంలో 1, 3, 5, 7 అనే బేసి వరస స్వరాలే పుడతాయని ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిస్తారు. ట్రంపెట్ కూడా పెదవుల దగ్గర మూసిన గొట్టమే. అయినా అది 2, 3, 4, 5, 6 అని వరసగా పలుకుతుంది. ఇదేమిటని అడిగే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరైనా ఉంటారు, వాళ్లని "సిలబస్‌లో లేదు" అని కూర్చోబెట్టేస్తారు. అసలు పాఠం అక్కడే మొదలవ్వాలి.

లెక్క చూద్దాం. బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం అంతా సాగదీస్తే సుమారు 148 సెంటీమీటర్లు. శబ్ద వేగం సెకనుకు 345 మీటర్లు అనుకుంటే, బెల్ లేని అంత పొడుగు తిన్నని గొట్టంలో 58, 175, 291, 408, 525, 641 హెర్ట్జ్‌ల దగ్గర అనునాదాలు రావాలి. వాల్వు (అదనపు గొట్టాన్ని కలిపే, వేలితో నొక్కే మీట) నొక్కకుండా ట్రంపెట్ పలికేవి మాత్రం 233, 350, 466, 583, 699. మొదటిది ఈ వరసలో ఇమడదు, వాయించేవాళ్లు దాని జోలికి పోరు. రెండోది 175 నుంచి 233కి, అంటే మూడో వంతు పైకి లేచింది. ఆరోది 641 నుంచి 699కి, 9 శాతమే లేచింది. కింది స్వరాన్ని ఎక్కువగా, పై స్వరాన్ని తక్కువగా ఎత్తితేనే ఆ బేసి వరస పాటకు పనికొచ్చే వరసగా మారుతుంది. ఆ ఎత్తేపని ముఖ్యంగా బెల్‌ది, సర్దేపని పెదవులు ఆనించే మౌత్‌పీస్‌ది.

బెల్ ఈ పని ఎలా చేస్తుంది? గోపాలపూర్ బీచ్‌లో అలల్ని చూడండి. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. చిన్న అల కాస్త ఎక్కి వెనక్కి జారిపోతుంది. ఊపున్న అల మీ చెప్పుల దాకా వచ్చి అప్పుడు తిరుగుతుంది. ఒడ్డు అదే, వెనుదిరిగే చోటే వేరు. బెల్‌లో ధ్వని కూడా అంతే. గొట్టం విచ్చుకుంటున్నకొద్దీ ధ్వనికి ఏటవాలు ఎదురవుతుంది. మంద్ర స్వరం తొందరగా ఓడిపోయి లోపలే వెనుదిరుగుతుంది, కాబట్టి దానికి గొట్టం పొట్టిగా కనిపిస్తుంది. తారస్థాయి స్వరం అంచు దాకా పోతుంది, దానికి గొట్టం పొడుగు. ట్రంపెట్‌లో సుమారు 1500 హెర్ట్జ్ దాటితే ధ్వని చాలా మటుకు వెనుదిరగకుండా ఒడ్డు దాటి బయటికి పోతుంది. ఒడ్డు ఏటవాలు మార్చండి, ప్రతి అలా తిరిగే చోటు మారుతుంది. అదీ అన్ని అలలకూ ఒకేలా మారదు. ఈ పోలిక ఒక్కచోట నిలవదు: సముద్రంలో దూరం పోయేది బలమైన అల, బూరలో దూరం పోయేది పౌనఃపున్యం ఎక్కువున్న అల. ఎంత గట్టిగా ఊదారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

దీనికి గణితం 1919లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త వెబ్‌స్టర్ పేరిట వచ్చిన సమీకరణం. దాన్ని ఇత్తడి బూరలకు అన్వయించి అందరికీ అర్థమయ్యేలా విప్పినవాడు క్లీవ్‌లాండ్ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ (1925–1987). కాసేపు ఓపిక పట్టండి. బెల్ ఎంత చురుగ్గా విచ్చుకుంటుందో చెప్పే అంకెను గామా అంటారు, ట్రంపెట్‌కు అది సుమారు 0.7. గామాను గామా ప్లస్ 1తో గుణించి వర్గమూలం తీసి, దాన్ని తరంగదైర్ఘ్యంతో గుణించి 2πతో భాగిస్తే, బెల్ నోటి నుంచి ఎంత లోపల ఆ స్వరం వెనుదిరుగుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 233 హెర్ట్జ్ స్వరం దాదాపు 26 సెంటీమీటర్లు లోపలే తిరిగిపోతుంది. 466 అయితే 13, 932 అయితే 6 చిల్లర. కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య 19 సెంటీమీటర్ల తేడా. ఇప్పుడు గామా 1 ఉన్న బెల్ అతికించారనుకోండి. ఆ దూరాలు 33, 8 అవుతాయి, తేడా 25. అంటే పాత పంపకం కంటే 6 సెంటీమీటర్లు అదనం. 148లో 6 అంటే 4 శాతం, సెమిటోన్‌లో (హార్మోనియంలో ఒక కీ నుంచి పక్క కీకి ఉండే శ్రుతి తేడాలో) సగానికి పైనే!

స్లైడ్ ఒక సెంటీమీటరు లాగితే గొట్టానికి 2 సెంటీమీటర్లు కలుస్తాయి, శ్రుతి సుమారు 23 సెంట్లు దిగుతుంది (సెమిటోన్‌కు 100 సెంట్లు). కానీ అది అన్ని స్వరాలనీ ఒకేలా దించుతుంది. బెల్ ఒక్కో స్వరాన్ని ఒక్కోలా జరిపింది. పర్లాకిమిడి ఆయన కష్టమంతా ఇదే.

ఇత్తడి మీద నమ్మకాల గురించి ఒక మాట. పాత ఇత్తడి గొంతు తీయన అనీ, రంగు ముదిరితే శబ్దం ముదురుతుందనీ బ్యాండు వాళ్లు అంటుంటారు. లోహం వల్ల తేడా అసలు లేదనను గానీ, లోపలి ఆకారం ముందు అది చాలా చిన్నది. గంజాం జిల్లా బెల్లగుంఠలో ఇత్తడి చేపను ఒళ్లంతా వంగేలా చేస్తారు, అంతటి పనితనం ఉన్న చేతులకు బెల్ సొట్టలు తీయడం లెక్కకాదు. కానీ సుత్తితో మెరుపు తెచ్చే ముందు లోపలి వంపు చెడకుండా చూడాలి. దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కడతారా, నాకేం అభ్యంతరం లేదు, బెల్ బయటే కట్టండి. లోపల వేలాడితే అది నిజంగానే శ్రుతి మారుస్తుంది.

వాల్వుల సంగతి వేరే తలనొప్పి, క్లుప్తంగా చెబుతాను. ఒకటి, రెండు, మూడు సెమిటోన్లు దించడానికి రెండో వాల్వు గొట్టాన్ని 5.9 శాతం, మొదటిది 12.2, మూడోది 18.9 పొడిగించాలి. మూడూ కలిపి నొక్కితే 37 శాతం వస్తుంది, ఆరు సెమిటోన్లు దిగడానికి కావలసింది 41.4. కాబట్టి కొత్త బూరలో కూడా ఆ స్వరం 55 సెంట్ల దాకా ఎక్కుతుంది. ఈ లోటు పూడ్చడానికే బ్లైక్లీ అనే బ్రిటిష్ వాద్య నిపుణుడు 1874లో సర్దుబాటు వాల్వులు తెచ్చాడు. ఇక వేరే శ్రుతి బూర నుంచి వాల్వు సెట్టు తెచ్చి అతికిస్తే శాతాలన్నీ తప్పుతాయి. ట్రంపెట్ రెండో వాల్వుకు 9 సెంటీమీటర్లు చాలు, యుఫోనియం అనే పెద్ద బూరకు 16 కావాలి.

శ్రుతి ఒకటే అయినా లోపలి వ్యాసం చూసుకోవాలి. 13 మిల్లీమీటర్ల బారిటోన్ (యుఫోనియం శ్రుతిలోనే ఉండే సన్న గొట్టపు బూర) గొట్టానికి 14.7 మిల్లీమీటర్ల యుఫోనియం గొట్టం తగిలిస్తే, అతుకు దగ్గర అల ఎత్తులో సుమారు 12 శాతం వెనక్కి కొడుతుంది. 11.7 నుంచి 12.2కు మారితే 4 శాతమే. పైగా ఆ మెట్టు ఎక్కడ పడిందన్నది ముఖ్యం. ఒక స్వరానికి గాలి పీడనం ఎక్కువగా ఊగే చోట గొట్టం వెడల్పయితే ఆ స్వరం దిగుతుంది, గాలి కదలిక ఎక్కువున్న చోట అయితే ఎక్కుతుంది. అదే మెట్టు ఒక స్వరానికి మేలూ ఇంకోదానికి కీడూ చేస్తుంది.

అందుకని టంకం వేయించే ముందు భాగాల్ని టేపుతో గాలి పోకుండా బిగించి, వాల్వు ముట్టకుండా ఊదండి. 2, 3, 4, 5, 6, 8 స్వరాల్ని ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో చూడండి. అయిదోది 14 సెంట్లు తక్కువ చూపిస్తే బెల్‌ను తిట్టకండి, అది ప్రకృతి లెక్క. ఏడోది 31 సెంట్లు తక్కువే ఉంటుంది, దాన్ని వదిలేయండి.

టంకం అయిపోయిన పర్లాకిమిడి బూరకు ఏం చేయాలి? బెల్ మళ్లీ కోయొద్దు. మౌత్‌పీస్ గిన్నె లోతు తగ్గించి చూడండి. మౌత్‌పీస్ వాయిద్యానికి చేర్చే పొడవు కూడా స్వరాన్ని బట్టి మారుతుంది. పైకి పోయేకొద్దీ అది పెరిగి పై స్వరాల్ని కిందికి లాగుతుంది. గిన్నె లోతు తక్కువైతే ఆ లాగుడు తగ్గుతుంది, పై స్వరాలు కొంచెం లేస్తాయి. అరువు తెచ్చిన కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఇంకో బూర) మౌత్‌పీస్ వదులుగా ఉంటే కాడకు దారం చుట్టే అలవాటు ఉంది కదా, చుట్టండి. కాకపోతే దారం కాడ అంచు దాటి గొట్టంలోకి పోకూడదు, పక్క నుంచి గాలి కారకూడదు.