సాస్ సీసాలో పైన నూనె పోస్తే చాలా? టమాటా సాస్ గురించి అపోహలు, వాస్తవాలు

వంట తరగతిలో పాస్తా కోసం టమాటా సాస్ నేర్పిన ప్రతిసారీ పొయ్యి కట్టేసేలోపు ఒక ప్రశ్న వస్తుంది: "సీసాలో నింపి పైన నూనె పోస్తే ఎన్ని నెలలు ఉంటుంది?" అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ముందే అందింది. ఎవరో పంపిన వీడియోలో ఆరు నెలలని చెప్పారట. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: టమాటా పుల్లనిది కాబట్టి చెడదు. పైన నూనె ఉంటే గాలి తగలదు, ఇక భయం లేదు.

వాస్తవం: ఇక్కడ గాలి తగలకపోవడమే ప్రమాదం. క్లాస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు మట్టిలో ఉంటాయి. వెల్లుల్లితో, ఉల్లితో, ఆకులతో మన వంటింట్లోకి వస్తాయి. మామూలు గిన్నెలో సాస్ ఎంతసేపు మరిగినా ఆ బీజాలు చావవు. గాలి ఆడక, పులుపు చాలక, గది వేడిలో ఉండిపోతే అవి మేల్కొని విషం తయారు చేస్తాయి. ఆ విషం వల్ల వచ్చే జబ్బే బొటులిజం.

పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. పులుపు చాలాలంటే పీహెచ్ 4.6 మించకూడదు. టమాటా దాదాపు ఆ గీత మీదే ఉంటుంది. కొన్ని రకాలు, బాగా మగ్గిన కాయలు గీత దాటేస్తాయి. పైగా మనం ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ వేస్తాం, వాటి వల్ల పులుపు ఇంకా తగ్గుతుంది. ఏమీ కలపని ఉత్త టమాటాను సీసాల్లో నిల్వ చేసే శాస్త్రీయ పద్ధతిలో కూడా దుకాణంలో సీసాలో అమ్మే నిమ్మరసం అర లీటరుకు ఒక పెద్ద చెంచా తప్పనిసరిగా కలిపి, ఆ తర్వాత సీసాలను లెక్క ప్రకారం మరిగిస్తారు. నూనె, వెల్లుల్లి పడిన మన సాస్‌కు అది కూడా సరిపోదు.

ఒకసారి తరగతికి వచ్చే ఒక పెద్దావిడ తాను చేసిన సీసా తీసుకొచ్చారు. పైన వేలెడు మందాన నూనె, గాజుకు అతుక్కుని వెల్లుల్లి రెబ్బలు, మూత మీద పొందికైన అక్షరాలతో తేదీ. చేసి ఆరు వారాలైంది, అన్నాళ్లూ అల్మారాలోనే ఉంది. "వాసన బాగానే ఉంది కదండీ, చూడండి" అన్నారు. వాసన నిజంగానే బాగుంది. ఈ విషానికి రంగు, వాసన, రుచి ఏవీ లేకపోవచ్చు, అందుకే రుచి చూసి తేల్చుకుందామనుకోకూడదు. పారేయమని చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. అలాంటిదే ఇంకో సీసా మనవడి కోసం పంపారట. అక్కడికక్కడే ఫోను చేయించాను, అదృష్టవశాత్తు అది ఇంకా తెరవలేదు.

అలాంటి సాస్ తిన్నవారికి చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, రెప్పలు వాలిపోయినా, మాట తడబడినా, మింగడం కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నారో అక్కడ చెప్పండి. ఈ జబ్బు చాలా అరుదు. నిన్న చేసి ఫ్రిజ్‌లో పెట్టిన సాస్ తిన్నవాళ్లు రాత్రంతా నిద్ర మానుకుని కూర్చోనక్కర్లేదు.

మరి ఎలా దాచుకోవాలి? వండిన సాస్‌ను వెడల్పాటి గిన్నెలో పలచగా పరిచి చల్లార్చండి. రెండు గంటలు దాటకముందే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. అంతకన్నా ఎక్కువ కాలం కావాలంటే ఫ్రీజరే దారి. నేను ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలను సంచిలో వేస్తాను. ఒక్కరి భోజనానికి నాలుగైదు ముక్కలు చాలు. డబ్బాలో పెడితే పైన వేలెడు ఖాళీ వదలండి, గడ్డకట్టేటప్పుడు సాస్ ఉబ్బుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సాస్ గంటల తరబడి ఉడకాలన్నది మాంసం వేసిన సాస్‌లకు చెల్లే మాట. ఉత్త టమాటా సాస్‌కు వెడల్పాటి మూకుడులో అరగంట చాలు. గరిటెతో అడుగున గీస్తే ఆ దారి వెంటనే మూసుకుపోకూడదు, అంచుల్లో నూనె తేలాలి. అప్పుడు దించేయండి.

చక్కెర వేస్తే పులుపు పోదు, నాలుకకు తెలియకుండా ఉంటుందంతే. ముందు ఉప్పు సరిచూడండి, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

వండితే టమాటాలో సారమంతా పోతుందనేది సగమే నిజం. సి విటమిన్ కొంత తగ్గుతుంది. ఎరుపునిచ్చే లైకోపీన్ మాత్రం నూనెలో ఉడికినప్పుడే ఒంటికి బాగా పడుతుంది.

గింజలు తింటే కిడ్నీలో రాళ్లు వస్తాయని భయపడి ఒక్కో గింజా ఏరేవాళ్లను చూస్తే జాలేస్తుంది. రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ పాలకూరతో పోలిస్తే టమాటాలో చాలా తక్కువ. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుల మాటే వినండి.

ఇక పాస్తా ఉడికిన నీళ్లు. దయచేసి వాటిని మొత్తం పారబోయకండి, పాస్తాను చన్నీళ్లతో కడగకండి. సాస్ పట్టుకునేది ఆ పిండి జిగురుతోనే. ఒక గరిటెడు నీళ్లు సాస్‌లో పోసి, పాస్తా వేసి, పెద్ద మంట మీద ఒక్క నిమిషం తిప్పండి. గిన్నె అడుగున ఎర్రనీళ్లు తేరడం ఆగిపోతుంది.