క్రిప్టోలో చెల్లింపులు తీసుకునే వ్యాపారులకు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఆదాయపు పన్ను, జీఎస్టీ లెక్కలు చూసే వృత్తిలో ఉన్న నాకు కొంతకాలంగా ఒకే ప్రశ్న పదేపదే ఎదురవుతోంది. విదేశీ కస్టమర్‌కు వెబ్‌సైట్ చేసి పెట్టిన యువకుడు, గద్వాల చీరలను అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపే వ్యాపారి, నలుగురైదుగురు ఉద్యోగులతో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడిపే యజమాని, ఎవరు వచ్చినా అడిగేది అదే: క్రిప్టోలో చెల్లింపు తీసుకోవడానికి ఏ వాలెట్ (క్రిప్టో దాచుకునే యాప్) మంచిది, ఏ గేట్‌వే (చెల్లింపు స్వీకరించి పెట్టే సర్వీసు) కమీషన్ తక్కువ? ఆ సొమ్ము చివరికి మీ లెక్కల పుస్తకంలోకి ఏ రూపంలో, ఏ దారిన, ఏ కాగితంతో చేరుతుందన్నది ముందు తేల్చుకోవాలని నేను వారికి చెబుతాను. అది తేలాక మన ప్రాంతపు వ్యాపారుల్లో చాలామందికి వాలెట్ అవసరమే ఉండదు.

అపోహ: "యూఎస్‌డీటీ అంటే డాలరే గద సార్."

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చిపెడుతున్నది ఈ ఒక్క మాటే. యూఎస్‌డీటీ అనేది టెథర్ అనే ప్రైవేటు సంస్థ జారీచేసే డిజిటల్ టోకెన్. ధర ఇలా స్థిరంగా ఉండేలా తయారుచేసిన వాటిని స్టేబుల్‌కాయిన్లు అంటారు. దాని ధర డాలర్‌కు దగ్గరగా ఉంటుంది, అంతవరకు నిజం. ఆ దగ్గరితనం కూడా ఎప్పుడూ నిలుస్తుందనే భరోసా లేదు. 2022 మేలో టెర్రా అనే క్రిప్టో ప్రాజెక్టు వారి స్టేబుల్‌కాయిన్ పూర్తిగా కుప్పకూలింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, ఆ బ్యాంకులో తన నిల్వల్లో 330 కోట్ల డాలర్లు ఉన్న కారణంగా యూఎస్‌డీసీ అనే మరో స్టేబుల్‌కాయిన్ ధర కొద్దిసేపు 90 సెంట్ల కిందికి జారింది. అయితే ధర సంగతి పక్కన పెట్టినా, మన చట్టం దృష్టిలో ఇది విదేశీ కరెన్సీ కానే కాదు. 2022 ఫైనాన్స్ చట్టం తరువాత ఇది వర్చువల్ డిజిటల్ అసెట్, అంటే ఒక ఆస్తి. మీరు పనికి బదులుగా డాలర్లు తీసుకోవడం లేదు, ఆస్తి తీసుకుంటున్నారు.

దీని మొదటి దెబ్బ జీఎస్టీలో తగులుతుంది. సేవల ఎగుమతికి పన్ను లేదని అందరికీ తెలుసు. ఆ మినహాయింపుకు ఐజీఎస్టీ చట్టం (ఎగుమతులకు, రాష్ట్రాల మధ్య వ్యాపారానికి వర్తించే జీఎస్టీ చట్టం) పెట్టిన షరతుల్లో ఒకటి చాలామంది చదవరు: ప్రతిఫలం కన్వర్టిబుల్ విదేశీ మారకంలో (డాలర్ వంటి, మార్చుకోగల విదేశీ కరెన్సీలో) గానీ, ఆర్‌బీఐ అనుమతించిన సందర్భాల్లో రూపాయల్లో గానీ అందాలి. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) పెట్టి పన్ను లేకుండా బిల్లు ఇచ్చినవారు, నిబంధనలు ఇచ్చిన గడువులోగా ఆ విధంగా సొమ్ము అందిందని చూపించలేకపోతే పన్నును వడ్డీతో సహా కట్టవలసి వస్తుంది. పది లక్షల బిల్లు మీద 18 శాతం అంటే 1,80,000 రూపాయలు. యూఎస్‌డీటీ తీసుకుని దాన్ని ఇక్కడే అమ్మి రూపాయలు చేసుకున్నవారి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది విదేశీ కస్టమర్ పేరు కాదు. దేశంలోని ఎవరో అపరిచితుడు యూపీఐలోనో ఐఎంపీఎస్‌లోనో పంపిన రూపాయలు కనిపిస్తాయి. దాన్ని ఎగుమతి ఆదాయమని అధికారి ముందు నిలబెట్టడం ఎంత కష్టమో నోటీసుకు జవాబు రాసేటప్పుడు నాకు తెలుస్తుంది.

చీరలు పంపే వ్యాపారికి కూడా ఊరట లేదు. సరుకుల ఎగుమతి మీద జీఎస్టీ రీఫండ్ తీసుకున్నవారు ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) గడువులోగా విక్రయ సొమ్ము రాబట్టకపోతే, ఆ రీఫండ్‌ను వడ్డీతో తిరిగి కట్టాలని నియమావళిలోనే ఉంది. సొమ్ము రాబట్టినట్టు రుజువు చేసేది, బ్యాంకుకు అందిన విదేశీ చెల్లింపు వివరాల ఆధారంగా వచ్చే రియలైజేషన్ సర్టిఫికెట్. వాలెట్‌లో పడిన టోకెన్లకు ఆ కాగితం రాదు.

రెండో దెబ్బ ఖాతా స్తంభన. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక యువకుడు, వాళ్ల అమ్మగారితో కలిసి నా దగ్గరికి వచ్చాడు. విదేశీ సంస్థకు మూడు నెలలు డిజైన్ పని చేసి, వారు ఇచ్చిన యూఎస్‌డీటీని ఒక ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్మే వేదిక) పీటుపీ విభాగంలో, అంటే కొనేవారే నేరుగా సొమ్ము పంపే చోట, అమ్మాడు. రూపాయలు నాలుగు ముక్కలుగా, నాలుగు వేర్వేరు పేర్ల మీద వచ్చాయి. కొద్ది రోజులకు ఏటీఎం కార్డు పనిచేయడం మానేసింది. బ్యాంకుకు వెళితే, వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల నుంచి లేఖ వచ్చిందని, ఫిర్యాదు నంబర్ రాసిన చిన్న చీటీ చేతిలో పెట్టి పంపించారు. ఆ నాలుగు ముక్కల్లో ఒకటి, ఎక్కడో మోసపోయిన మనిషి ఖాతా నుంచి చేతులు మారుతూ వచ్చిన సొమ్మట. ఆఫీసు అద్దె, ఇద్దరు పనివాళ్ల జీతాలు ఆ ఖాతాలోనే ఆగిపోయాయి. వాళ్ల అమ్మగారు అడిగింది ఒక్కటే: "మా పిల్లగాణ్ని పట్టుకపోతరా సారూ?"

ఆ తల్లికి చెప్పిందే ఇదే పరిస్థితిలో ఉన్న వారందరికీ చెబుతున్నాను. ఖాతా ఆగినంత మాత్రాన మీరు నిందితులు అయిపోరు. భయపడి ఫోన్‌లోని సంభాషణలు తుడిచివేయడం, ఎక్స్ఛేంజీ ఖాతా మూసివేయడం మాత్రం చేయకండి, మీ నిర్దోషిత్వానికి ఆధారాలు అవే. కస్టమర్‌తో ఒప్పందం, బిల్లు, ఈమెయిళ్లు, వాలెట్‌లోకి టోకెన్లు వచ్చిన ట్రాన్సాక్షన్ హ్యాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), పీటుపీ ఆర్డర్ పేజీ, ఆ ఆర్డర్‌కు ఎదురుగా జమ అయిన మొత్తం, ఇవన్నీ వరుసగా పేర్చి దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా పంపాలి. వివాదంలో ఉన్న మొత్తం వరకే నిలుపుదల పరిమితం చేయాలని అదే లేఖలో కోరాలి. స్పందన లేకపోతే న్యాయవాది ద్వారా కోర్టుకు వెళ్లే దారి ఉంది. ఆ యువకుడి ఖాతా తిరిగి తెరుచుకుంది గానీ, దానికి నెలలు పట్టింది. అప్పటిదాకా జీతాలకు అప్పు చేశాడు. ఇటువంటి సందర్భంలో "మా వాడికి తెలిసిన అధికారి ఉన్నాడు, పాతిక వేలిస్తే ఒక్కరోజులో తెరిపిస్తాడు" అని చెప్పేవారిని దయచేసి దగ్గరికి రానివ్వకండి. ఖాతా ఆగిన మనిషి ఆందోళనను సొమ్ము చేసుకునేవారు ఇప్పుడు ఊరికొకరు తయారయ్యారు.

కొందరు ఇంకో వార్త తెచ్చి చూపిస్తారు: అమెరికాలో స్టేబుల్‌కాయిన్లకు చట్టం వచ్చింది కాబట్టి ఇక అది అధికారిక డాలరేనని. 2025 జూలై 18న అక్కడ జీనియస్ చట్టంపై అధ్యక్షుడి సంతకం జరిగిన మాట వాస్తవం. అది అక్కడ స్టేబుల్‌కాయిన్లు జారీచేసే సంస్థలు ఎలాంటి నిల్వలు ఉంచాలి, ఎవరికి జవాబుదారీగా ఉండాలి అన్నది చెప్పే చట్టం. మన ఐజీఎస్టీ చట్టంలోని విదేశీ మారకం నిర్వచనాన్ని అది ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మరి సరైన దారి ఏది? కస్టమర్ దగ్గర క్రిప్టో ఉంటే దాన్ని డబ్బుగా మార్చే పని అతని వైపే, అతని దేశంలోనే జరగాలి. మీకు రావలసింది బ్యాంకు ద్వారా, అతని పేరుతో, సరైన పర్పస్ కోడ్‌తో (చెల్లింపు దేనికో తెలిపే సంకేతంతో) వచ్చే విదేశీ చెల్లింపు. చిన్న మొత్తాలకు బ్యాంకు వైర్ ఖర్చు ఎక్కువనిపిస్తే, ఆర్‌బీఐ అనుమతి పొందిన క్రాస్ బోర్డర్ పేమెంట్ అగ్రిగేటర్లు (విదేశీ చెల్లింపులు చేరవేసే సంస్థలు) ఉన్నారు, వారి ద్వారా తీసుకోవచ్చు. ఎగుమతి రుజువుకు కావలసిన రెమిటెన్స్ అడ్వైస్ (విదేశీ సొమ్ము అందినట్టు తెలిపే పత్రం) అక్కడ దొరుకుతుంది. మా క్లయింట్లకు నేను రాసి ఇచ్చే వాక్యం ఇది: "మా దేశంలో ఎగుమతి నిబంధనల ప్రకారం బిల్లు సొమ్ము బ్యాంకు ద్వారానే అందాలి, మీ వైపు మార్పిడి ఖర్చులో సగం మేము బిల్లులో తగ్గిస్తాము." నిజంగా పని కావలసిన కస్టమర్లు చాలావరకు దీనికి ఒప్పుకుంటారు. యూఎస్‌డీటీ తప్ప ఇంకేదీ ఇవ్వనని పట్టుబట్టే కస్టమర్ సొమ్ము ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించవలసి ఉంటుంది.

అపోహ: లాభం రాకపోతే పన్ను లేదు, నష్టం వస్తే సర్దుకోవచ్చు.

ఒక లెక్క చూద్దాం. లక్ష రూపాయల పనికి ఆ రోజు విలువ ప్రకారం బిట్‌కాయిన్ తీసుకున్నారనుకుందాం. ఆ లక్ష మీ వ్యాపార ఆదాయం, దాని పన్ను దానికి ఉంటుంది. రెండు నెలల తరువాత దాన్ని 1,20,000కు అమ్మితే, పెరిగిన 20,000 మీద 30 శాతం, అంటే 6,000, దానిపై 4 శాతం సెస్సు 240, మొత్తం 6,240. ఎక్స్ఛేంజీ కమీషన్ గానీ, ఇంటర్నెట్ ఖర్చు గానీ ఇందులో తగ్గించుకోవడానికి వీల్లేదు, కొన్న విలువ ఒక్కటే తీసివేయాలి. అదే 90,000కు అమ్మవలసి వస్తే, పోయిన 10,000ను ఏ ఇతర ఆదాయంలోనూ, మరో కాయిన్ లాభంలోనూ సర్దుకోలేరు, వచ్చే ఏడాదికి మోసుకుపోలేరు. పన్ను మాత్రం మొదటి లక్ష మీద ఉండనే ఉంది. అందుకే ధర పెరుగుతుందని వ్యాపార రాబడిని కాయిన్లలో అట్టిపెట్టుకోవడం చిన్న వ్యాపారికి తగదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: దుకాణంలో ఒక క్యూఆర్ కోడ్ అంటిస్తే చాలు, టీడీఎస్ గొడవ కస్టమర్‌ది.

క్లాక్ టవర్ దగ్గర మొబైల్ దుకాణం నడిపే మిత్రుడొకరు ఇలాగే అనుకున్నారు. మీరు ఫోన్ ఇచ్చి కాయిన్ తీసుకుంటే, చట్టం లెక్కలో మీరు కాయిన్ కొన్నవారు. అమ్మిన వ్యక్తి ఇక్కడి నివాసి అయితే, పరిమితి దాటాక ఒక శాతం టీడీఎస్ బాధ్యత కొన్నవారిది. వ్యాపార టర్నోవర్ కోటి దాటని వ్యక్తులకు ఆ పరిమితి ఏడాదికి 50,000, మిగతావారికి 10,000. మీరిచ్చేది డబ్బు కాక వస్తువు కాబట్టి, ఫోన్ చేతికి ఇచ్చేముందే ఆ పన్ను కట్టినట్టు నిర్ధారించుకోవాలి. యూపీఐ ఉన్న ఊళ్లో ఇంత తలనొప్పి ఏ దుకాణదారుకూ అవసరం లేదు.

అపోహ: ఎక్స్ఛేంజీలో ఉన్న కాయిన్లు బ్యాంకులో ఉన్నంత భద్రం.

2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు హ్యాకర్ల పాలయ్యాయి, ఖాతాదారుల క్రిప్టో విత్‌డ్రాలు ఏడాదికి పైగా ఆగిపోయాయి. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా ఇక్కడ లేదు. ఇంతకంటే చెప్పవలసింది లేదు.

మన జిల్లాల వారు ఎందరో విదేశాల్లో దుకాణాలు, సంస్థలు నడుపుతున్నారు, వారి పరిస్థితి వేరు. అమెరికా పన్నుల శాఖ 2014 నుంచే క్రిప్టోను ఆస్తిగా పరిగణిస్తున్నా, అక్కడ క్రిప్టో తీసుకుని మరుసటి రోజుకు డాలర్లు ఖాతాలో వేసే ప్రాసెసర్లు ఉన్నారు. చిన్న దుకాణానికి అదే మేలు, ధర ఊగిసలాట వారి నెత్తిన ఉంటుంది. ఒప్పందం చేసుకునే ముందు బిల్లు ధర ఎన్ని నిమిషాలు స్థిరంగా ఉంటుంది, కస్టమర్ తక్కువ పంపితే ఏమవుతుంది, రీఫండ్ ఎవరు చేస్తారు అని అడగాలి. మధ్యవర్తి చేతికి సొమ్ము వెళ్లకూడదనుకునేవారికి బీటీసీపే సర్వర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ప్రతి బిల్లుకూ కొత్త అడ్రస్ ఇస్తుంది, కాబట్టి ఒక కస్టమర్ మీ మొత్తం రాబడిని చూడలేడు. కానీ సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాల వరుస) పోతే సొమ్ము పోయినట్టే, ఆ బాధ్యత పూర్తిగా మీదే. ఏ పద్ధతిలోనైనా నెట్‌వర్క్ పేరు (టోకెన్లు ఏ బ్లాక్‌చెయిన్ మీద రావాలో, ఉదాహరణకు ట్రాన్ లేదా ఇథీరియం) బిల్లు మీద స్పష్టంగా రాయండి. ట్రాన్ అడ్రస్ టీ అక్షరంతోనూ, ఇథీరియం అడ్రస్ సున్నా, ఎక్స్‌తోనూ మొదలవుతాయి. మీ వాలెట్ పట్టించుకోని నెట్‌వర్క్‌లో పంపిన టోకెన్లు తిరిగి దక్కడం కష్టం. రీఫండ్‌ను వచ్చిన అడ్రస్‌కే తిప్పి పంపకండి, అది ఎక్స్ఛేంజీ ఉమ్మడి అడ్రస్ అయి ఉండవచ్చు. కస్టమర్‌ను కొత్త అడ్రస్ అడిగి తీసుకోండి.

క్రిప్టో ముట్టుకుంటే జైలే అనే పుకారు కూడా ఇంకా తిరుగుతోంది. క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలు ఇవ్వరాదన్న ఆర్‌బీఐ 2018 ఏప్రిల్ సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. కలిగి ఉండటం నేరం కాదు, పన్ను దాచడం, ఎగుమతి సొమ్మును బ్యాంకు దారి తప్పించడం సమస్య. డిజిటల్ రూపాయి ఆర్‌బీఐ స్వయంగా జారీచేసే కరెన్సీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇప్పటికే క్రిప్టోలో చెల్లింపులు తీసుకుని రిటర్నులో చూపని వారు భయంతో ఊరుకోవద్దు. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తరువాతి ఏడాది) ముగిసిన నాటి నుంచి 48 నెలల వరకు, అదనపు పన్నుతో అప్‌డేటెడ్ రిటర్ను వేసే వీలుంది. ఆ అదనం మొదటి ఏడాదిలో 25 శాతం, ఆలస్యమయ్యేకొద్దీ 70 శాతం దాకా పెరుగుతుంది. నోటీసు ప్రక్రియ మొదలైతే ఈ అవకాశం చేజారవచ్చు. ఎక్స్ఛేంజీ స్టేట్‌మెంట్లు, ప్రతి లావాదేవీ తేదీ, ఆ రోజు రూపాయల విలువ, సంబంధిత బిల్లు నంబర్ ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించుకుని మీ ఆడిటర్ దగ్గరికి ఈ నెలలోనే వెళ్లండి.