నిండిన చెరువు చేసే పని

మొన్న వానాకాలంలో మా వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే ఆయన నన్ను ఆపి ఒక మాట అడిగాడు. "సార్, చెరువులుంటే వరద తగ్గుతదని మీరంటుంటరు గదా. చెరువు నిండినంక ఇంకేం ఆపుతది? మత్తడి దుంకుడు మొదలైతే లోపలికి ఎంతొస్తే బయటికి అంత పోవుడే గదా?"

మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతికట్టు, అలుగు. ఆయన ఇల్లు హనుమకొండలో ఒక చెరువు కింద కాలనీలో ఉంది. వాన గట్టిగా పడిన రాత్రి నిద్రపోరు, బియ్యం బస్తాలు మంచాల మీదికి ఎక్కిస్తారు. కాబట్టి ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. పైగా బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అనుకుంటారు. నిండిన చెరువంటే నిండిన బిందె, ఇక దానితో పనిలేదని. అసలు సంగతేమిటంటే వరద విషయంలో చెరువు పెద్ద పని మొదలయ్యేదే అది నిండాక.

ఎప్పుడైనా మత్తడి పక్కన ఒక గంట నిలబడి చూడండి. మొదట రాతికట్టు అంచు మీద నీళ్లు పలచగా, అద్దంలా జారుతుంటాయి. రాయి మీది నాచు కూడా కదలదు. పైన వాన కుమ్మేస్తున్నా, వాగు ఎర్రగా ఉరకలెత్తుతున్నా, మత్తడి మీద నీటి మందం బెత్తెడు కావడానికే చాలా సేపు పడుతుంది. మరి వాగులోంచి వచ్చిన నీళ్లన్నీ ఏమైనట్టు? చెరువంతా పరుచుకుని ఉన్నాయి. మత్తడి మీద నీళ్లు బెత్తెడు ఎత్తు పెరగాలంటే మొత్తం చెరువు బెత్తెడు పెరగాలి. అన్ని వందల ఎకరాల మీద బెత్తెడు నీళ్లంటే మాటలా!

దీని వెనక ఒక చక్కటి లెక్క ఉంది. మత్తడి మీద నీటి మందం రెట్టింపైతే దారి రెట్టింపవుతుంది. వేగం కూడా పెరుగుతుంది, కానీ వర్గమూలం లెక్కన. రెండూ కలిపితే మందం నాలుగు రెట్లయినప్పుడు ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. అంటే మందం తక్కువగా ఉన్నంతసేపు మత్తడి చాలా పిసినారి, మందం పెరిగేకొద్దీ ధారాళంగా వదిలేస్తుంది. మందం పెరగకుండా చూసుకోగలిగితే కింది ఊరు బతికినట్టే. అలా చూసేది చెరువు విస్తీర్ణం. లోతు కాదు.

ఇంట్లోనే చేసి చూడొచ్చు. బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి, మామూలు బకెట్ ఒకటి తీసుకోండి. రెండింటి అంచుకీ ఒకే కొలతలో, మూడు సెంటీమీటర్ల వెడల్పున, జానెడులో సగం లోతున గాడి కోయండి. గాడి అడుగు దాకా నీళ్లు నింపండి. ఇప్పుడు రెండూ "నిండిన చెరువులు". ఒక్కోదాంట్లో నాలుగు లీటర్లు ఒక్కసారిగా కుమ్మరించండి. 28 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బకెట్‌లో నీళ్లు ఆరున్నర సెంటీమీటర్లు లేస్తాయి, 60 సెంటీమీటర్ల టబ్బులో ఒకటిన్నర కూడా లేవవు. బకెట్ గాడిలోంచి మొదట దూకే ధార టబ్బు ధారకు పది రెట్లు దాకా ఉంటుంది. పదిహేను సెకన్లలో బకెట్ పని దాదాపు అయిపోతుంది, టబ్బు నిమిషం దాటినా కారుతూనే ఉంటుంది. పోసిన నీళ్లు అవే, గాడీ అదే. జలచక్రం బొమ్మ గీయించి, మేఘానికి బాణం గుర్తులు పెట్టించే బదులు బడిలో ఒక్క పీరియడ్ ఈ టబ్బు ముందు కూర్చోబెడితే పిల్లలు జన్మలో మరిచిపోరు. తమ వాకిట్లో పడ్డ వాన ఏ చెరువుకు పోతుందో తెలియకుండానే పదో తరగతి దాటేస్తున్నారు.

ఇప్పుడు అసలు చెరువు కొలతల్లో చూద్దాం. 250 ఎకరాల చెరువు, వంద అడుగుల మత్తడి ఉందనుకుందాం. చెరువు అంచుల దాకా నిండి ఉంది. సరిగ్గా అప్పుడే వాగులోంచి 2,100 క్యూసెక్కుల వరద రెండు గంటల పాటు వచ్చింది. నేను లెక్క కట్టి చూస్తే మత్తడి మీదుగా బయటికి పోయేది ఎక్కువలో ఎక్కువ 440 క్యూసెక్కులు. ఆ రెండు గంటల్లో చెరువు అడుగు పైచిలుకు లేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా దిగుతుంది. అదే చెరువు ఆక్రమణలతో 125 ఎకరాలకు కుంచించుకుపోతే బయటికి వెయ్యి క్యూసెక్కులు. 60 ఎకరాల చిల్లరే మిగిలితే 1,700. అంటే వచ్చిన వరద దాదాపు వచ్చినట్టే కాలనీ మీదికి.

ఇక్కడే మనవాళ్లు తరచుగా అనే ఒక మాట వస్తుంది. "అంచున ఉన్న శిఖం (చెరువు నిండితే మునిగే) భూమిలో నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు, ఎండాకాలం జొన్న వేసుకుంటాం, అది పోతే పోయింది. మధ్యలో ఇంకో నాలుగు మీటర్లు తవ్వితే సరిపోతుంది కదా?" సాగుకు, భూగర్భ జలానికి సరిపోవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల్లో పూడిక తీశారు, ఆ ఒండ్రు పొలాలకూ పనికొచ్చింది. చెరువు ఖాళీగా ఉంటే ఆ లోతు మొదటి వానను మింగుతుంది కూడా. చెరువు నిండాక మాత్రం మత్తడి మట్టం కింద ఉన్న లోతు ఒక్క చుక్క వరదను కూడా ఆపదు. అక్కడ నీళ్లు అప్పటికే ఉన్నాయి. పని చేసేది మత్తడి పైన ఉన్న ఆ అడుగు, అడుగున్నర ఖాళీయే. ఎందుకూ పనికిరానట్టు కనిపించే పలచటి అంచులే ఆ ఖాళీని వెడల్పు చేసేవి.

చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన బఫర్ జోన్ అనగానే చాలామందికి కోపం వస్తుంది. "ఎఫ్‌టీఎల్ దాటి ఉన్నాను కదా, నా ప్లాటుకు ఏం సంబంధం?" అంటారు. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్) అంటే నీళ్లు మత్తడి అంచుకు తాకే మట్టం. వరద రోజు నీళ్లు దాని పైకి లేవాల్సిందే, లేవకపోతే మత్తడి పారదు. నూరడుగులకు ఒక అడుగు వాలున్న నేలలో, పై లెక్కలోని అడుగు పైచిలుకు లేచిందంటే నీళ్లు 130 అడుగుల దూరం పక్కకు పాకుతాయి. 25 ఎకరాలు దాటిన చెరువులకు 2012 నిబంధనల్లో పెట్టిన బఫర్ 30 మీటర్లు, అంటే సుమారు వంద అడుగులు. నా దృష్టిలో అది ఎక్కువ కాదు, తక్కువే.

కాకతీయుల గొలుసుకట్టు గొప్పతనం ఇప్పుడు బాగా అర్థమవుతుంది. పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువులోకి వస్తాయి. మొదటి చెరువు 2,100ను 440 చేసి పంపితే రెండోది ఇంకా సాగదీస్తుంది. రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం పేర్లు అందరికీ తెలుసు. వాటి కన్నా నాకు ముచ్చటేసేవి ఊరూరా ఉన్న పేరులేని కుంటలు, వాటిని కలిపే ఒర్రెలు. మన ఓరుగల్లు రెండు నదుల మధ్య గట్టు మీద ఉంది. లక్నవరం నీళ్లు గోదావరికి పోతే, పాకాల నీళ్లు మున్నేరు పట్టుకుని కృష్ణకు పోతాయి. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మాన్ని మున్నేరు ముంచినప్పుడు ఆ నీళ్లలో మన దిక్కు వాన కూడా ఉంది. నదీ పరీవాహకం అంటే ఎక్కడో పెద్ద డ్యాం దగ్గర మొదలయ్యేది కాదు, మీ డాబా మీది పైపు దగ్గర మొదలవుతుంది. చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. చెలక ఉన్నప్పుడు అందులో చాలా భాగం మట్టిలోకి ఇంకేది. స్లాబు, సీసీ రోడ్డు అయ్యాక దాదాపు అంతా పారుతుంది, అదీ గంటల్లో కాదు, నిమిషాల్లో. పై నుంచి వచ్చేది పెరుగుతూ, మధ్యలో టబ్బు బకెట్ అవుతూ ఉంది. వేగంగా పెరుగుతున్న ఊళ్లన్నిట్లో జరుగుతున్నది ఈ రెండూ ఒకేసారి.

గొలుసుకు ఒక ప్రమాదం కూడా ఉంది. పై చెరువుకు గండి పడితే అందులో నిలవున్న నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. అందుకే మన చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. అమ్మవారికి కోపమొస్తే కట్ట తెగుతుందనీ, బలి ఇస్తేనే నిలుస్తుందనీ చెప్పే కథలను నేను నమ్మను. కట్టను తెంపేది ఎలుక బొక్కలు, వేళ్లు పాకిన తుమ్మ చెట్లు, బిగుసుకుపోయిన తూము, పూడిపోయిన మత్తడి కాలువ. అయితే ఏటా ఊరంతా బోనాలెత్తుకుని కట్ట పొడవునా నడిచినప్పుడు కట్ట ఎక్కడ కుంగిందో, ఎక్కడ చెమ్మ ఊరుతోందో కొన్ని వందల కళ్లు చూసేవి. చెరువునూ తూమునూ చూసుకునే నీరటి పని కూడా అదే. ఆ నడక ఆగిపోయిన చోట కనీసం నీరటికి జీతమిచ్చి తిప్పాలి.

మత్తడిలో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ అక్కర్లేదు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి నీళ్లు గేట్ల పైనుంచి పొర్లాయి. ఆ రాత్రి కింది ఊళ్లవాళ్లు పడిన టెన్షన్ ఇక్కడందరికీ గుర్తే. రాతి మత్తడికి అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన పనిలేదు.

చెరువులు అన్నిటినీ ఆపేస్తాయని మాత్రం చెప్పను. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. అదే వానల్లో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. అంత వానకు ఏ టబ్బూ చాలదు. ఆ రోజు కావాల్సింది ముందస్తు హెచ్చరిక, మిట్ట మీద ఆసరా. ఏటా వచ్చే పది, పదిహేను సెంటీమీటర్ల వానకే కాలనీలు మునుగుతున్నాయే, దానికి మాత్రం చెరువు అంచులే మందు.

కిరాణా ఆయనకు ఇదంతా కొట్టు ముందే చెప్పాను. ఆదివారం ఫోన్ చేశాడు. టబ్బూ బకెట్ కోసి పిల్లలతో చేయించాడట. తర్వాత పెద్దోడు సొంతంగా ఇంకొకటి కలిపాడు. టబ్బు లోపల, గాడి వైపు వదిలేసి, చుట్టూరా ఇటుకలు నిలబెట్టాడు, పైభాగం నీళ్ల పైకి కనిపించేలా. అవి ఇండ్లట. మళ్లీ గాడి అడుగు దాకా నింపి నాలుగు లీటర్లు పోశారు.

"గాడిలకెళ్లి ఎట్ల దుంకినయనుకున్నరు సార్," అన్నాడు, "గడప దాకా తడిసింది."