ట్రావెల్ ఇన్సూరెన్స్: క్లెయిమ్ ఫైల్లో కనిపించే అపోహలు, వాస్తవాలు

నా పని ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూడటం. పాలసీలు అమ్మేది నేను కాదు కాబట్టి కాస్త నిర్మొహమాటంగా రాస్తున్నాను. విదేశీ ప్రయాణానికి పాలసీ కొనేవాళ్ళు చదివేది ఒక్క పేజీ ఉండే బెనిఫిట్ల పట్టిక. క్లెయిమ్ వచ్చాక మేం చదివేది దాని వెనకాల ఉన్న పదుల పేజీల పాలసీ వర్డింగ్. గొడవలన్నీ ఈ రెండు కాగితాల మధ్యే వస్తాయి.

అపోహ: వీసాకి అడిగారు కాబట్టి తీసుకుంటున్నాం, ఏదో ఒకటి చాలు.

షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా సంగతే చూడండి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి, అది షెంగెన్ దేశాలన్నిటికీ, అక్కడ ఉండే రోజులన్నిటికీ వర్తించాలి, అత్యవసర వైద్యం, ఆస్పత్రి ఖర్చులు, జబ్బు చేసినా చనిపోయినా వెనక్కి తీసుకురావడానికయ్యే ఖర్చులు అందులో ఉండాలి. 2009 నాటి యూరోపియన్ యూనియన్ వీసా కోడ్‌లో (వీసా నియమావళిలో) ఉన్న ఈ అంకె ఇప్పటికీ మారలేదు. వైద్యం ఖర్చులు మాత్రం అప్పటి దగ్గరే ఆగిపోలేదు కదా. పైగా ఆ నియమంలో బ్యాగేజీ గురించి గానీ, ట్రిప్ క్యాన్సిల్ అవడం గురించి గానీ ఒక్క మాటా లేదు. ఎంబసీ చూసేది తన నియమం తీరిందా లేదా అన్నదే, మీ అవసరం తీరుతుందా అన్నది కాదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 'అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా' అని ఉండే పాలసీ చవగ్గా దొరుకుతుంది. దారిలో అమెరికాలో రెండు రోజులు ఆగుదామని తర్వాత ప్లాన్ మార్చుకుంటే ఆ రెండు రోజులూ కవరేజీ లేనట్టే.

అపోహ: బీపీ, షుగర్ ఉన్నాయని చెప్తే ప్రీమియం పెంచుతారు, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆ సంగతి చెప్పేది మీరే. ఆస్పత్రిలో చేరగానే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి 'రోజూ ఏం మందులు వాడుతున్నారు' అని. ఒంట్లో బాగోలేని మనిషి డాక్టర్ దగ్గర అబద్ధం ఆడడు, ఆడకూడదు కూడా. ఆయన చెప్పింది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది, ఆ కేస్ షీట్ మా టేబుల్ మీదకి వస్తుంది.

నా దగ్గరకి వచ్చిన ఒక ఫైల్ ఇప్పటికీ గుర్తుంది. కొడుకు దగ్గరకి వెళ్ళిన ఒక పెద్దాయన, ఛాతీలో నొప్పి, ఐసీయూలో ఐదు రోజులు. డిశ్చార్జ్ సమ్మరీలో రెండో లైన్: 'ఎనిమిదేళ్ళుగా రక్తపోటు, క్రమం తప్పకుండా మందులు.' ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కొనేటప్పుడు నింపే దరఖాస్తులో మాత్రం ముందునుంచి ఉన్న జబ్బుల దగ్గర 'లేదు' అని టిక్. పెట్టింది ఆయన కాదు, కొడుకు, ఏదో మీటింగ్ మధ్యలో ఫోన్లో టకటకా నొక్కేశాడట. మోసం చేద్దామన్న ఆలోచన ఎవరికీ లేదు, కానీ ఆ టిక్ వల్ల క్లెయిమ్ పోయింది. అమ్మానాన్నలకి పాలసీ తీసేవాళ్ళు ఆ ఒక్క పేజీ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి.

జబ్బు ఉందని చెప్పినంత మాత్రాన అన్నీ ఇస్తారని కూడా అనుకోవద్దు. చాలా పాలసీల్లో పాత జబ్బులకి 'ప్రాణాపాయం ఉన్నప్పుడు, పరిస్థితి నిలకడపడే దాకా' అని ఉంటుంది, దానికి విడిగా ఒక పరిమితి కూడా ఉంటుంది. కొన్నిట్లో జబ్బు 'స్థిరంగా' ఉండాలంటారు, అంటే ప్రయాణానికి కొన్ని వారాల ముందు డాక్టర్ మాత్ర డోసు మార్చినా అది స్థిరంగా లేనట్టే లెక్క. ఈ నిర్వచనం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అందుకే నేనైతే ముందు చివరి పేజీల్లోని నిర్వచనాలు చదివి, తర్వాతే ప్రీమియం చూస్తాను.

అపోహ: 5 లక్షల డాలర్ల పాలసీ అంటే 5 లక్షలూ దొరుకుతాయి.

ఆ అంకె కింద సబ్-లిమిట్లు ఉండొచ్చు. గదికి రోజుకింత, ఐసీయూకి ఇంత, సర్జన్ ఫీజుకి ఇంత. వయసు పైబడినవాళ్ళ ప్లాన్లలో ఇవి మరీ ఎక్కువ. ఐసీయూకి రోజుకి 2,000 డాలర్లని రాసి ఉండి ఆస్పత్రి 6,000 వేస్తే మిగతా 4,000 మీ జేబులోంచే పోతుంది, పైన ఉన్న పెద్ద అంకె మిమ్మల్ని ఆదుకోదు. దానికి తోడు డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ ముందు మీరు పెట్టుకోవాల్సిన మొత్తం. సబ్-లిమిట్లు లేని 1 లక్ష పాలసీ, సబ్-లిమిట్లున్న 5 లక్షల పాలసీ పక్కపక్కన పెడితే చాలాసార్లు నేను మొదటిదే తీసుకుంటాను.

మెడికల్ ఎవాక్యుయేషన్ గురించి కూడా ఒక మాట. జబ్బు చేయగానే విమానం పంపి ఇంటికి తెచ్చేస్తారని కాదు. అవసరమైన చికిత్స దొరికే దగ్గరి ఆస్పత్రికి చేరుస్తారు, అదీ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు డాక్టర్ సరేనన్నాకే.

అపోహ: ముందు వైద్యం కానిచ్చి, ఇంటికొచ్చాక బిల్లులు పెట్టుకుంటాం.

జ్వరానికి డాక్టర్ని చూపించుకున్న చిన్న బిల్లయితే ఫర్వాలేదు. ఆస్పత్రిలో చేరితే మాత్రం పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబర్‌కి ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ఫోన్ చేయించండి. చాలా పాలసీలు 24 గంటల గడువు పెడతాయి. వాళ్ళు ఆస్పత్రికి పేమెంట్ గ్యారంటీ లెటర్ పంపితేనే క్యాష్‌లెస్, అంటే మీరు కట్టక్కర్లేకుండా బిల్లు నేరుగా కంపెనీయే కట్టడం, నడుస్తుంది. ఆ నంబర్ ఫోన్లో సేవ్ చేశాం అంటారు. ఫోన్ లాక్ అయి ఉండి, మనిషి స్పృహలో లేకపోతే? కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టండి, కూడా వచ్చేవాళ్ళకీ ఒక కాపీ ఇవ్వండి.

అపోహ: ట్రిప్ క్యాన్సిల్ అయితే డబ్బు వెనక్కొస్తుంది.

పాలసీలో రాసిన కారణాలకే వస్తుంది. మనసు మారిందనో, సెలవు దొరకలేదనో, వీసా రాలేదనో అంటే మామూలు పాలసీలు చాలావరకు ఇవ్వవు. రాసిన కారణాల దగ్గర కూడా మాటల పట్టింపే. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి యూరప్‌లో విమానాలు రోజుల తరబడి ఆగిపోయినప్పుడు, 'ప్రతికూల వాతావరణం' అంటే బూడిద కూడా వస్తుందా రాదా అని పెద్ద రగడ జరిగింది. వస్తుందన్న కంపెనీలూ ఉన్నాయి, రాదన్నవీ ఉన్నాయి.

ఇంకొకటి, అప్పటికే బయటపడిన సంగతికి కవరేజీ ఉండదు. తుఫాను వార్త టీవీలో వచ్చాక కొన్న పాలసీ ఆ తుఫానుకి పనికిరాదు. అందుకే టికెట్లకి డబ్బు కట్టిన రోజే కొనమంటాను, ఎందుకంటే క్యాన్సిలేషన్ కవరేజీ సాధారణంగా కొన్నప్పటి నుంచే మొదలవుతుంది, వైద్యానిది బయలుదేరాక. బయలుదేరే ముందు రోజు రాత్రి కొన్నవాళ్ళు మొదటి దానికి డబ్బు కట్టి కూడా దాదాపు వదులుకున్నట్టే.

అపోహ: బ్యాగ్ పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటారు.

ముందు ఎయిర్‌లైన్. బ్యాగ్ రాలేదని తెలిసిన వెంటనే, ఎయిర్‌పోర్ట్ దాటకముందే వాళ్ళ కౌంటర్లో పీఐఆర్, అంటే బ్యాగ్ రాలేదని ఎయిర్‌లైన్ రాసిచ్చే రిపోర్ట్ తీసుకోండి, అది లేకుండా వచ్చిన క్లెయిమ్‌ని ముందుకు నడపడం మాకూ కష్టమే. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 21 రోజులకీ రాని బ్యాగ్ పోయినట్టు లెక్క, చేతికొచ్చిన బ్యాగ్ దెబ్బతిని ఉంటే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. లాప్‌టాప్, నగలు చెకిన్ బ్యాగ్‌లో పెట్టారా, చాలా పాలసీల్లో వాటికి పైసా రాదు.

అపోహ: అద్దె స్కూటరే కదా, యాక్సిడెంట్ అయితే కవర్ అవుతుంది.

కారు లైసెన్స్‌తో స్కూటర్ నడిపి కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళ ఫైళ్ళు ఎన్నో చూశాను. ఆ బండి నడపడానికి ఆ దేశంలో చెల్లే లైసెన్స్ ఉందా, హెల్మెట్ ఉందా, తాగి ఉన్నారా అని చూస్తాం. లైసెన్స్ లేదంటే సాధారణంగా బండికి అయిన నష్టమే కాదు, మీ ఆస్పత్రి బిల్లూ పోతుంది. స్కూబా డైవింగ్‌కి లోతు, ట్రెకింగ్‌కి ఎత్తు మీటర్లలో రాసి ఉంటాయి, వెళ్ళే చోటి అంకెతో పోల్చుకోండి.

అపోహ: క్రెడిట్ కార్డుతో ఫ్రీగా వస్తోంది, ఇంకోటి ఎందుకు?

ఉండొచ్చు. కానీ చాలా కార్డుల్లో టికెట్ ఆ కార్డు మీదే కొని ఉండాలి, ఇచ్చేది కూడా ఎక్కువగా ప్రమాద మరణానికి, ఆస్పత్రి ఖర్చులకి కాదు. షరతుల కాగితం తెప్పించుకుని చూశాకే నమ్మండి.

అపోహ: క్లెయిమ్ వాళ్ళ పనే తిరస్కరించడం.

ఈ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది, కొంచెం బాధ కూడా. నా టేబుల్ మీద ఆగిపోయే ఫైళ్ళలో ఎక్కువ భాగం కాగితాలు లేక ఆగినవే. దేనికెంతో విడివిడిగా రాయకుండా మొత్తం ఒకే అంకె వేసిన బిల్లు, డబ్బు కట్టిన రసీదు లేకపోవడం, అసలు ప్రయాణం చేసినట్టు రుజువే లేకపోవడం. ఇప్పుడు చాలా చోట్ల ఈ-గేట్లు వచ్చి పాస్‌పోర్ట్ మీద స్టాంపు పడట్లేదు, అప్పుడు మిగిలే రుజువు బోర్డింగ్ పాస్. యాప్‌లో ఉందిలే అనుకుంటారు, ఫ్లైట్ దిగాక కొన్నాళ్ళకి వెతికితే అది అందులో ఉండకపోవచ్చు. గేటు దగ్గర నిలబడ్డప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఎవరికైనా వాట్సాప్ చేసేయండి.